కొండదారి బండికి క్రొత్త బ్యాటరీ

గృహమునకు వలయు వస్తువుల నెన్నుకొనుటలో స్త్రీలు చూపు నేర్పు లోకమెఱిగినదే. బియ్యపుగింజను పంట కొఱికి చూచి పాతదో క్రొత్తదో చెప్పుదుము. కుండను వ్రేలితో మీటి బీటను గుర్తింతుము. చింతపండు, మిరపకాయలు, నేతచీర, ఇత్తడిబిందె, వీనిలో దేనికైనను మనకొక పరీక్ష గలదు. కాని యింటిముంగిట నిలిచియుండు బండి విషయమున మాత్రము "అది మగవారి పని" యని మొగము త్రిప్పుకొందుము. బండి కదలినంతకాలము ఈ యుదాసీనతవలన కీడు కానరాదు. కదలనినాడు దాని ఫలము తెలియును.

మాకది తెలిసిన రాత్రిని గూర్చి ముందు చెప్పి, పిమ్మట విషయమునకు వత్తుము.

మేము కాపురముండునది అల్లూరి సీతారామరాజు జిల్లాలో, చింతపల్లికి లోపలగా నున్న యొక కొండయూరు. మా వారచ్చటి బడిలో నుపాధ్యాయులు. తారురోడ్డు మా యూరి కైదు కిలోమీటర్ల యీవలనే నిలిచిపోవును. అటుపిమ్మట రాళ్లబాట, ఎఱ్ఱమట్టి, రెండు వాగులు. ఈ కారణమున మా వారును, తోటి యుపాధ్యాయు లిద్దరును కలిసి, నాలుగు చక్రములకును ఇంజను బలము నందుకొను పాత డీజెలు జీపు నొకదానిని కొనిరి. అది బడికి పుస్తకములను మోయును, సంతకు పోవును, అవసరము వచ్చినచో రోగులను తారురోడ్డు వరకు చేర్చును.

గత పుష్యమాసమున నొకనాడు తెల్లవారుజామున మూడు గంటలకు పొరుగింటి కోడలికి నొప్పులు ప్రారంభమయ్యెను. తొలి కానుపు. ఆశా కార్యకర్త వచ్చి చూచి, ఆలస్యము చేయరాదని చెప్పెను. అంబులెన్సు తారురోడ్డు చివరకు వచ్చుట కేర్పాటయ్యెను. అంతవరకు జీపులోనే తీసికొనిపోవలెను. లంబసింగి ప్రాంతపు చలిని గూర్చి పాఠకురాండ్రు వినియే యుందురు. శీతకాలమున నచ్చట ఉష్ణోగ్రత సున్న డిగ్రీల దాపునకు దిగుచుండును. ఆ రాత్రియు నట్టిదే. ఆ పిల్లను రగ్గులో చుట్టి బండిలో కూర్చుండబెట్టితిమి. మా వారు తాళము త్రిప్పిరి. ఇంజను ఒకసారి మూల్గెను. రెండవమారు "టక్ టక్" మను చప్పుడు మాత్రమే వచ్చెను. మూడవమారు అదియును లేదు.

ఆ బ్యాటరీ కొని నాలుగు నెలలైనను నిండలేదు.

ఊరివారిని లేపి, పదిమంది కలిసి బండిని పల్లమునకు త్రోయగా, గేరు వేసి క్లచ్చి వదలినంతనే ఇంజను అందుకొనెను. ఇంతలో ముప్పావుగంట గడచిపోయెను. దైవానుగ్రహమున తల్లియు బిడ్డయు క్షేమముగా నున్నారు. కాని యా ముప్పావుగంటలో ఆ పిల్ల మా చేయి పట్టుకొని, "అమ్మగోరూ, బండి కదుల్తాదా?" యని యడిగిన మాట మాకు నేటికిని మరపునకు రాదు.

తప్పెవరిదని విచారించినచో, అది మాదే. పాత బ్యాటరీ పాడైనప్పుడు మైదానపు పట్టణములో నొక దుకాణమునకు పోయి, "జీపునకు బ్యాటరీ కావలెను, తక్కువ ధరలో నున్నది చూపుడు" అని యడిగితిమి. ఆయన చూపెను, మేము తెచ్చితిమి. జీపునకు గావలసిన దేమియో మేమడుగలేదు. ఏలయన మాకే తెలియదు. కానుపు జరిగిన మూడవనాడు నర్సీపట్నమునుండి యొక వృద్ధుడైన మెకానిక్కును పిలిపించితిమి. ఆయన మూత యెత్తి చూచి, కొంతసేపు మాటాడక, "బేటరీది తప్పు కాదమ్మా. దీన్ని తెచ్చి ఈ బండిలో పెట్టినోళ్లది తప్పు" అనెను. మేము సిగ్గుపడితిమి. ఆనాడాయన చెప్పినదియు, అటుపిమ్మట మేము చదివి, కొలిచి, సరిచూచుకొన్నదియు నిచ్చట వ్రాయుచున్నాము.

బ్యాటరీ చేయు పని

బ్యాటరీ యనగా విద్యుత్తును నిలువచేయు గాదె యని చెప్పవచ్చును. సీసపు పలకలను గంధకామ్లపు నీటిలో ముంచి, విద్యుత్తును నింపుచు తీయుచు నుండదగిన బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశమున గాస్టన్ ప్లాంటే యనునాయన కల్పించెను. నేటికిని మన బండ్లలో నుండునది ప్రధానముగా నదియే. దాని పెట్టెలో ఆరు అరలు గలవు. ఒక్కొక్క అర రెండు వోల్టులకు కొంచె మెక్కువ యిచ్చును. ఆరును కలిసి 12 వోల్టుల బ్యాటరీ యగును.

దీపములకును హారనుకును కావలసినది స్వల్పము. కష్టమైన పని యింజనును మొదటిసారి త్రిప్పుట. ఆ కొలది క్షణములలో స్టార్టరు మోటారు వందలకొలది ఆంపియర్లను లాగుకొనును. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనమును మండించును. డీజెలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. గాలిని మిక్కిలి గట్టిగా నొక్కగా పుట్టిన వేడిమివలననే ఇంధనము మండును. అంత గట్టిగా గాలిని నొక్కవలెనన్న నింజనును త్రిప్పుటకు బలమధికముగా కావలెను. అందుచేత చిన్న పెట్రోలు కారునకు చాలిన బ్యాటరీ డీజెలు జీపునకు చాలదు.

చలి దీనికి తోడగును. చలిలో ఇంజను నూనె చిక్కబడి, త్రిప్పుట మరింత కష్టమగును. అదే సమయమున బ్యాటరీలోని రసాయనక్రియ మందగించి, సున్న డిగ్రీలవద్ద దాని త్రిప్పుడుబలము సుమారు మూడింట రెండువంతులకు తగ్గును. ఖర్చు పెరిగిననాడే రాబడి తగ్గిన సంసారమువంటి దిది. మా బ్యాటరీ భాద్రపదములో పనిచేసి పుష్యములో చేయి విడుచుటకు ప్రధానకారణ మిదియే.

కొనుటకు ముందు పరీక్ష

క్రొత్తది కొనుటకు ముందు పాతదే నిజముగా చెడెనా యని తెలిసికొనవలెను. తీగ వదులైనను, ఆల్టర్నేటరును త్రిప్పు బెల్టు జారుచున్నను, బండి యిట్లే మొరాయించును. అట్టియెడ క్రొత్త బ్యాటరీ తెచ్చినను నెల తిరుగకుండ నదియు పాతదానిదారినే పట్టును.

మొదటి పరీక్ష చెవితో చేయునది. నలోపాఖ్యానములో, బాహుకుని రూపున వచ్చుచున్న నలుని దమయంతి కన్నులతో చూడకమునుపే రథఘోషమును విని గుర్తించెను గదా. ఇంటనుండు మనము బండి చప్పుడును నిత్యము వినుచునే యుందుము. మునుపు చుఱుకుగా తిరిగిన యింజను ఇప్పుడు సోమరిగా తిరుగుచున్నదా? ఆ సమయమున దీపములు మసకబారుచున్నవా? ఈ రెంటిలో నేది కనబడినను బ్యాటరీ ముందుగా చెప్పిపంపిన కబురని తలపవలెను. మా జీపు కూడ మాకు పదిహేను దినములు ముందుగా చెప్పెను. మేము వినలేదు.

రెండవ పరీక్ష మల్టీమీటరుతో చేయునది. అది కొలది వందల రూపాయలకే దొరకును. గడియారము చూచుటకంటె కష్టము కాదు. బండిని రాత్రియంతయు కదపక, ఉదయమున బ్యాటరీ రెండు ధ్రువముల నడుమ వోల్టులను చూడవలెను. 12.6 గాని, అంతకు మించి గాని యున్నచో నిండుగా నున్నది. 12.4 యున్నచో ముప్పాతిక, 12.2 యున్నచో సగము. 12 వోల్టులకు దిగినచో దాదాపు వట్టిపోయినట్లే. పిదప నొకరు తాళము త్రిప్పుచుండగా మరియొకరు ముల్లును, లేక అంకెలను చూడవలెను. నిండుగా నుండిన బ్యాటరీ కూడ ఆ క్షణమున 9.6 వోల్టులకు దిగువగా పడిపోవుచున్నచో దానిలో సత్తువ లేదని యెఱుగవలెను. ఇంజను నడచుచుండగా 13.8 మొదలు 14.5 వరకు చూపవలెను. అంతకు తక్కువైనచో బ్యాటరీకి భోజనము చాలుటలేదు, 14.8 దాటినచో అజీర్ణము చేయుచున్నది. ఈ రెంటిలోను తప్పు బ్యాటరీది కాదు. ఆల్టర్నేటరును, దాని నియామక యంత్రమును బాగుచేయింపవలెను.

మూతలు తీయదగిన బ్యాటరీ యైనచో మెకానిక్కు హైడ్రోమీటరుతో ఒక్కొక్క అరలోని ఆమ్లపు సాంద్రతను చూచును. నిండిన అరలో నది సుమారు 1.26 ఉండును. ఒక అరకును మరియొక అరకును 0.05 మించి భేదమున్నచో ఆ తక్కువైన అర చెడినదని యర్థము. ఆరు అరలలో నొకటి చెడినను బ్యాటరీ మార్చవలసినదే.

ఎన్నికలో చూడదగిన లక్షణములు

ఋతుపర్ణ మహారాజు స్వయంవరమునకు త్వరపడి పోవలసివచ్చినప్పుడు, బాహుకుడు బలిసిన గుఱ్ఱములను విడిచి, చూచుటకు బక్కపలచనివైనను సులక్షణములుగల వానిని రథమునకు గట్టెను. రాజు సందేహించెను, కాని యవియే గమ్యమును చేర్చెను. అశ్వలక్షణ మెఱిగినవాని యెన్నిక యది. బ్యాటరీకిని లక్షణములు గలవు. పెట్టెమీది మెఱుగును, పేరును, ధరను చూచి మోసపోక, ఈ యైదింటిని వరుసగా చూడవలెను.

మొదటిది కొలత. పాత బ్యాటరీయొక్క పొడవు, వెడల్పు, ఎత్తు దారముతో కాక కొలబద్దతోనే కొలిచి వ్రాసికొని పోవుడు. క్రొత్తది పళ్లెములో కదలక కూర్చుండవలెను. మూత వేసినప్పుడు దాని ధ్రువములు ఇనుమునకు తగులరాదు. ధనధ్రువము కుడివైపుననా, ఎడమవైపుననా యనునది మఱవకుడు. తప్పువైపున నున్నచో తీగలు అందవు. బలవంతముగా లాగి తారుమారుగా తగిలించినచో ఆల్టర్నేటరులోని భాగములు కాలిపోవును. బ్యాటరీమీది సంకేతము చివర ఎల్ అనియో, ఆర్ అనియో యొక యక్షరముండును. పాతదానిమీద నేయక్షరమున్నదో క్రొత్తదానిమీదను ఆ యక్షరమే యుండవలెను. మా మొదటి తప్పిదము కొలతలోనే జరిగెను. ఆ బ్యాటరీ పళ్లెమునకు చిన్నదైనందున పట్టీ అందలేదు, కొబ్బరిత్రాటితో కట్టితిమి.

రెండవది శక్తి. దీనిని రెండు విధముల చెప్పుదురు. ఆంపియర్-గంటలనగా గాదె యెంత పెద్దదో చెప్పునది. చిన్న పెట్రోలు కార్లకు సాధారణముగా 35 ఆంపియర్-గంటలు చాలును. డీజెలు జీపులకు 65 మొదలు 80 వరకు కావలసియుండును. రెండవ యంకె సీ.సీ.ఏ. అనునది. సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో, 30 సెకండ్లపాటు, 7.2 వోల్టులకు తగ్గకుండ ఎన్ని ఆంపియర్ల నీయగలదో అది చెప్పును. గాదె పెద్దదైనను ద్వారము చిన్నదైనచో ధాన్యము త్వరగా రాదు, సీ.సీ.ఏ. ఆ ద్వారపు వెడల్పని తలపుడు. చలిప్రాంతమువారును, డీజెలు బండివారును ముందుగా నీ యంకెనే యడుగవలెను. మీ బండి పుస్తకములో నిర్మాతలు చెప్పిన యంకెకు తక్కువైనదానిని ఎంత చౌకగా వచ్చినను కొనరాదు. కొంచె మెక్కువైనచో దోషములేదు. బండి తనకు కావలసినంతయే లాగుకొనును. అట్లని పళ్లెమున పట్టని పెద్దదానిని తెచ్చిన లాభములేదు. దినమునకు రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరుగు బండిలో నెంత పెద్ద గాదెయైనను నిండదు.

మూడవది జాతి. నేడు దుకాణములలో మూడు జాతులు కనబడును. మొదటిజాతి ఆమ్లపునీరు పలకల నడుమ స్వేచ్ఛగా నుండునది. ఇందు మూతలు తీసి నీరు పోయదగినవియు, మూసివేసిన నిర్వహణరహితములును గలవు. ధర తక్కువ, ఎండకు నోర్చును. కాని బండి మిక్కిలి యొరిగినప్పుడు మూతలుగలదానిలోనుండి ఆమ్లము కారవచ్చును. రెండవజాతి ఏ.జీ.ఎం. అనునది. ఇందు గాజునూలు చాపలు ఆమ్లమును పీల్చి పట్టుకొనును, ఒలుకదు, పలకలు గట్టిగా నదుమబడి యుండుటచేత రాళ్లబాట కుదుపులకు చక్కగా నోర్చును. అయినను దీనికి ధర యధికము. మిక్కిలి వేడిని, అధికమైన చార్జింగును సహింపదు. పాత జీపులలో నియామక యంత్రము చెడి 15 వోల్టులు పంపుచున్నచో ఇంత ధరపెట్టినదియు శీఘ్రముగా నెండిపోవును. మూడవజాతి లిథియం. మిక్కిలి తేలిక, కాని ఖరీదైనది, సున్న డిగ్రీలకు దిగువ చలిలో దానిని చార్జి చేయరాదు, ఇంజను ప్రక్క వేడియు దానికి పడదు. బండి వెనుక నుంచి దీపములకును శీతలపేటికకును వాడుకొనువారికి నది తగును.

బురదలో దిగబడిన బండిని లాగుటకు ముందువైపున వించి యను చక్రము నమర్చుకొన్నవారి మాట వేఱు. గట్టి బరువును లాగునప్పుడు వించి 400 ఆంపియర్ల దాపునకు తీసికొనగలదు. అట్టివారికి ఏ.జీ.ఎం. పెట్టిన ధర దండుగ కాదు. లేదా రెండవ బ్యాటరీ నొకదానిని వేఱుగా నమర్చి, ఇంజనును త్రిప్పు బ్యాటరీ వట్టిపోకుండ నడుమ విభజక యంత్రమును పెట్టించుకొనవలెను. మా జీపునకు వించి లేదు; ఘాటురోడ్డెక్కునప్పుడు ఇంజను మిక్కిలి వేడెక్కును. అందుచేత మెకానిక్కు సలహాపై మొదటిజాతిలోనే, మూసివేసిన, 80 ఆంపియర్-గంటల దానిని తీసికొంటిమి.

నాలుగవది వయస్సు. బ్యాటరీ తయారైన దినమునుండియే దాని యాయువు గడచుచుండును. అలమారలో కూర్చున్నను మెల్లమెల్లగా వట్టిపోవుచుండును. వట్టిపోయి చాలకాలమున్నచో పలకలపై గంధకపు పొర గట్టిపడి, తిరిగి నింపినను పూర్తిగా నిండదు. పెట్టెమీద తయారైన నెలయు సంవత్సరమును ముద్రింపబడియుండును. అది సంకేతములో నున్నచో దుకాణదారునిచే చదివించుకొనుడు. మూడు నెలలలోపుదైనచో మంచిది. ఆరు నెలలు దాటినచో వేఱొకటి చూపుమనుడు. దుకాణమునందే మీటరు పెట్టించి, 12.5 వోల్టులకు తగ్గనిదానినే తీసికొనుడు. మేము కొన్నది పది నెలల పాతది. కాయగూరలవాని యొద్ద వాడిన తోటకూరకట్టను త్రిప్పియిచ్చు మనము, ఇన్ని వేల రూపాయల వస్తువునకు పుట్టినతేది నడుగకపోతిమి!

ఐదవది పూచీ. పూచీకాగితముపై రెండంకెలుండును. మొదటి భాగములో చెడినచో ఊరక మార్చియిత్తురు; రెండవ భాగములో గడచిన నెలలనుబట్టి కొంత ధర తగ్గింతురు. రెంటిని కలిపి "నాలుగేండ్ల పూచీ" యని చెప్పుట వాడుక. అందుచేత ఊరక మార్చు నెలలెన్నియని వేఱుగా నడుగుడు. కాగితముపై దుకాణపు ముద్రయు, తేదియు, బ్యాటరీ సంఖ్యయు వ్రాయించుకొని, రశీదుతోగూడ భద్రపఱుపుడు.

బిగింపు

మంచి బ్యాటరీని తెచ్చి వదులుగా పెట్టుట, మంచి పిల్లను తెచ్చి దుష్టుని కిచ్చుటవంటిది. రాళ్లబాటలో బండి యెగిరినప్పుడెల్ల లోపలి పలకలమీది పదార్థము రాలి అడుగున చేరును. ఆ బురద పెరిగి రెండు పలకలను కలిపినచో ఆ అర చచ్చును. మా త్రాటికట్టు నాలుగు నెలలలో చేసిన పని యిదియే. పట్టీయు, మరమేకులును గట్టిగా బిగింపవలెను. చేతితో కుదిపినప్పుడు బండితోగూడ కదలవలెనేగాని పళ్లెములో కదలరాదు. క్రింద రబ్బరుచాప పరచుట మేలు. ధనధ్రువముపై రబ్బరుమూత తప్పక యుండవలెను. కొండదారిలో జాకియో పానాయో దొర్లి తగిలినచో నిప్పులు పుట్టును.

విప్పునప్పుడు ముందు ఋణధ్రువపు తీగను, పిదప ధనధ్రువపు తీగను తీయవలెను. తగిలించునప్పుడు ముందు ధనము, కడపట ఋణము. ఈ క్రమము తప్పినచో పానా బండి యినుమునకు తగిలి మెఱపు మెఱయును. సోదరీమణులకు ముఖ్యముగా నొక హెచ్చరిక. బ్యాటరీయొద్దకు పోవునప్పుడు బంగారుగాజులు, ఉంగరములు తీసివేయుడు; మెడలోని గొలుసును జాకెట్టులోనికి త్రోపుడు. లోహపుగాజు రెండు ధ్రువములకును తగిలినచో క్షణములో ఎఱ్ఱగా కాలి చేతిని కాల్చును. చార్జి అగునప్పుడు వెలువడు వాయువు నిప్పు తగిలిన ప్రేలును గనుక దీపమును, అగ్గిపుల్లను దగ్గరకు తేరాదు. ఆమ్లము చీరపై బడినచో నూలు తినిపోవును; ఒంటిపై బడినచో వెంటనే విస్తారమైన నీటితో కడుగుకొనవలెను; కంటబడినచో కడుగుచునే వైద్యునియొద్దకు పోవలెను.

పోషణ

నెలకొకమారు ధ్రువములపై పేరుకొన్న తెల్లని, పచ్చని పొడిని వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరనిచ్చి, కొంచెము వాజిలైను పూయుడు. ఆ నీరు మూతలలోనికి పోకుండ చూచుకొనుడు. నీరు పోయదగిన బ్యాటరీయైనచో పలకలు మునుగునట్లు గుర్తువరకు డిస్టిల్డు వాటరు మాత్రమే పోయవలెను. నూతినీరును, కాచిన నీరును పనికిరావు. ఆమ్లము నెన్నడును పోయరాదు. వేసవిలో దీనిని మఱింత తఱచుగా చూడవలెను. చలి బ్యాటరీ బలహీనతను బయటపెట్టును. నిజముగా దాని యాయువును తినునది వేడి. 25 డిగ్రీలకు మీద ప్రతి పది డిగ్రీలకును ఆయువు దాదాపు సగమగునని వాడుకలో నున్న లెక్క.

సెలవులలో బండి యూరక నిలిచియుండునప్పుడు ఋణధ్రువపు తీగను విప్పి యుంచుట మంచిది. వారమునకొకమారు ఇంజనును రెండు నిమిషములు నడిపి ఆపుటవలన మేలులేదు. త్రిప్పుటకైన ఖర్చు కూడ అంతలో పూడదు. అరగంటయైనను దారిలో నడపవలెను. వట్టిపోయిన బ్యాటరీని చార్జరుతో మెల్లగా, దాని ఆంపియర్-గంటలలో పదవవంతు ఆంపియర్లతో నింపుట శ్రేయస్కరము. 80 గలదానికి 8 ఆంపియర్లన్నమాట.

పాత బ్యాటరీని పెరటిలో పడవేయకుడు. అందలి సీసము విషము. పిల్లల బుద్ధివికాసమును చెఱచును. దానిని ఇంటియొద్ద పగులగొట్టి సీసము తీయువారికి అమ్మకుడు. దుకాణదారుడు పాతదానిని తీసికొని క్రొత్తదాని ధరలో కొంత తగ్గించును. మన దేశమున 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నిబంధనలు కూడ వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించి శుద్ధిచేయించు బాధ్యతను తయారీదారులపై నుంచినవి.

మా క్రొత్త బ్యాటరీకి మొదటిదానికంటె దాదాపు రెండింతలు ధర పెట్టితిమి. ముగ్గురుపాధ్యాయుల జీతములలోనుండి యది తీయుట సులభమైన సంగతి కాదు. మొదటిసారియే సరిగా నెన్నుకొనియుండినచో ఆ మొదటి ధర మిగిలెడిది. ధరమాట యటుండనిండు, ఆ ముప్పావుగంట మిగిలెడిది.

ఇప్పుడు ప్రతి యాదివారము ఉదయమున మీటరు చూచుటయు, పట్టీ బిగువు చూచుటయు మా పని. ఆ వంక మా వారు తాళము త్రిప్పుచుండగా గడపలో నిలిచి చప్పుడు విందుము. ఈ నడుమ పొరుగింటి కోడలు కూడ బిడ్డ నెత్తుకొని వచ్చి మా ప్రక్కన నిలుచుచున్నది. బండి మొదటి త్రిప్పునకే పలికినప్పుడు, ఆమె, "కదిలిందమ్మగోరూ" అని నవ్వును. మరల చలికాలము వచ్చుచున్నది. మీ ముంగిట నున్నది జీపైనను, ట్రాక్టరైనను, ఈ వారమే దాని మూత యెత్తించి, బ్యాటరీమీది తేదిని, అంకెలను ఒకసారి చదువుడని మా మనవి.